పాఠం – 9: ఊబకాయం, స్వానుభవం, నాయకత్వం – స్వచ్ఛంద ఆరోగ్య సంస్థల చరిత్ర (1948–2023)

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఊబకాయంతో జీవిస్తున్నవారు ఆరోగ్య సంస్థలను స్థాపించి నడపడానికి దారితీసిన పరిస్థితులను వివరించగలుగుతారు.
• టాప్స్, నాఫా, ఒబేసిటీ యాక్షన్ కొయలిషన్ వంటి సంస్థల మధ్య పోలికలను, భేదాలను గుర్తించగలుగుతారు.
• స్వానుభవం వల్ల నాయకత్వానికి వచ్చే బలాన్ని, దానికి ఉండే పరిమితులను చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

మోసేవాడికి తెలుసు కావడి బరువు అని మనకొక సామెత ఉంది. ఈ పాఠాన్ని మీరు ఆ సామెతతో మొదలుపెట్టండి. చివరికి వచ్చేసరికి ఒక ప్రశ్నకు మీరే సమాధానం చెప్పగలగాలి. కావడి మోసేవాడికి బరువు తెలుసు, నిజమే. మరి దారి కూడా అతనికే తెలుస్తుందా?

ఆరోగ్య సేవాసంస్థల చరిత్ర అనగానే మనకు సాధారణంగా వైద్యులు, దాతలు, మతసంస్థలు, ప్రభుత్వాధికారులు గుర్తుకు వస్తారు. ఆ చరిత్రలో రోగి సేవ అందుకునేవాడే కాని సేవను నిర్ణయించేవాడు కాదు. 20వ శతాబ్దంలో ఈ అమరిక నెమ్మదిగా మారింది. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో తాగుడుకు బానిసలైన ఇద్దరు వ్యక్తులు కలుసుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. 1983లో డెన్వర్ నగరంలో ఎయిడ్స్ ఉన్నవారు తమ గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో తమకు చోటు ఉండాలని ప్రకటించారు. వికలాంగుల హక్కుల ఉద్యమం 'మేము లేకుండా మా గురించి ఏదీ వద్దు' అనే నినాదాన్ని ప్రపంచమంతటా వినిపించింది. మన ప్రాంతంలో 1990ల తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమం మీకు తెలిసినదే. అక్కడ కూడా ముందు నిలిచింది సారా వల్ల ఇల్లు గుల్లయిన స్త్రీలే.

ఈ వరుసలో ఊబకాయంతో జీవిస్తున్నవారి సంస్థలకు ప్రత్యేక స్థానం ఉంది. ఇతర జబ్బులున్నవారి మీద సమాజం ఎంతో కొంత జాలి చూపింది. ఊబకాయం ఉన్నవారిని మాత్రం 'ఇది నీ తిండి వల్ల, నీ బద్ధకం వల్ల తెచ్చుకున్నదే' అని నిందించింది. నింద మోస్తున్నవారు నాయకత్వం వహించడం ఎలా సాధ్యమైంది? నాయకులయ్యాక ఆ నిందను వారు ఏం చేశారు? ఈ పాఠంలో ప్రధానంగా చూడవలసినది ఇదే. దీనికి ఎక్కువ ఆధారాలు అమెరికా, కెనడా దేశాల చరిత్రలో ఉన్నాయి కాబట్టి ముందు అక్కడికి వెళదాం.

గమనిక: ఈ పాఠంలో 'ఊబకాయులు' అనే మాటకు బదులు 'ఊబకాయంతో జీవిస్తున్నవారు' అని రాశాం. అందుకు కారణం 9.6లో తెలుస్తుంది. కొన్ని చోట్ల 'లావు' అనే మాటనే వాడాం. దానికి కారణం 9.5లో ఉంది.

9.2 నేపథ్యం: బరువు లెక్క ఎవరు రాశారు?

శరీరపు బరువును ఎత్తుతో పోల్చి చూసే సూత్రాన్ని 1830లలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడోల్ఫ్ క్వెట్లే రూపొందించాడు. ఆయన ఉద్దేశం జబ్బును గుర్తించడం కాదు. జనాభాలో 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తెలుసుకోవడం. ఆ సూత్రానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం రాసిన వ్యాసంతో స్థిరపడింది.

ఈ మధ్యకాలంలో బరువును ఆరోగ్యంతో ముడిపెట్టినవారిలో జీవిత బీమా కంపెనీలు ముఖ్యమైనవి. పాలసీదారులలో ఎవరు ముందుగా చనిపోతారో తెలిస్తేనే ప్రీమియం నిర్ణయించగలరు. అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ గణాంక నిపుణుడు లూయీ డబ్లిన్ ఆధ్వర్యంలో 1942లో స్త్రీలకు, 1943లో పురుషులకు 'ఆదర్శ బరువు' పట్టికలను ప్రచురించింది. 1959లో వాటిని సవరించారు. ఈ పట్టికలు బీమా కార్యాలయం నుంచి వైద్యుల గోడల మీదికి, అక్కడి నుంచి పత్రికలలోకి, వంటిళ్లలోకి చేరాయి.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. బీమా కొనగలిగినవారి లెక్కల నుంచి తయారైన పట్టిక అందరికీ కొలబద్ద అయింది. ఆ కొలబద్దకు అందనివారి మాట అందులో ఎక్కడా లేదు. బరువు ఎక్కువైతే ఏమవుతుందో పట్టిక చెప్పింది. బరువు తగ్గాలంటే ఏం చేయాలో, ప్రయత్నించి ఓడిపోయినవారు ఎలా బతకాలో చెప్పలేదు. ఆ ఖాళీలోనే తొలి సంస్థ పుట్టింది.

9.3 వంటింటి బల్ల దగ్గర మొదలు: టాప్స్ (1948)

1948లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఎస్తర్ మాంజ్ అనే గృహిణి తన ఇంటి వంటగదిలో మరికొందరు స్నేహితురాళ్లతో కలిసి కూర్చుంది. అందరి సమస్యా ఒక్కటే, బరువు. గర్భవతిగా ఉన్నప్పుడు తాను హాజరైన తరగతులలో స్త్రీలు ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడం ఆమె చూసింది. తాగుడు మానడానికి ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యులు కలుసుకుంటున్నట్టే బరువు తగ్గాలనుకునేవారూ ఎందుకు కలుసుకోకూడదన్నది ఆమె ఆలోచన. అలా 'టేక్ ఆఫ్ పౌండ్స్ సెన్సిబ్లీ', పొట్టిగా 'టాప్స్' అనే లాభాపేక్షలేని సంస్థ ఏర్పడింది. 'వివేకంతో బరువు తగ్గించుకోండి' అని ఆ పేరుకు అర్థం.

టాప్స్ పనిచేసే తీరు చాలా సరళం. వారానికొకసారి శాఖ సమావేశం. ముందు అందరూ బరువు తూచుకోవాలి. తరువాత మాటలు, అనుభవాలు, ప్రోత్సాహం. ఎంత బరువుకు తగ్గాలో సభ్యురాలు తన వైద్యుడి చేత నిర్ణయింపజేసుకోవాలి. సంస్థ తన సొంత ఆహార పదార్థాలను, మందులను అమ్మదు. శాఖను నడిపేది జీతం తీసుకునే నిపుణులు కాదు, సభ్యులే. లక్ష్యం చేరుకున్నవారు 'కాప్స్' అనే మరో హోదాకు వెళతారు. తగ్గిన బరువును నిలుపుకోవడం వారి పని. ఏటా ఎక్కువ బరువు తగ్గినవారికి రాజు, రాణి కిరీటాలు పెట్టి సత్కరిస్తారు.

టాప్స్ సాధించిన వాటిలో చరిత్రకారులు తరచుగా మరచిపోయేది వైద్యపరిశోధనకు అది చేసిన దోహదం. సభ్యుల చందాల నుంచి, విరాళాల నుంచి 1960ల మధ్య నుంచే మిల్వాకీ వైద్య కళాశాలలో ఊబకాయ పరిశోధనకు సంస్థ నిధులు ఇచ్చింది. డబ్బుతో పాటు సభ్యులు తమ వివరాలను కూడా ఇచ్చారు. 1975లో ఆల్ఫ్రెడ్ రిమ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 73,532 మంది టాప్స్ స్త్రీల సమాధానాలు ఉన్నాయి. 1984లో ఆర్థర్ హార్ట్జ్ బృందం 32,856 మంది స్త్రీల నడుము, తుంటి కొలతలను పరిశీలించి, కొవ్వు ఎంత ఉందన్నదే కాక ఎక్కడ ఉందన్నది కూడా మధుమేహం, రక్తపోటు వంటి జబ్బులతో ముడిపడి ఉందని చూపింది. అదే కళాశాలలో అహ్మద్ కిస్సెబా 1982లో ప్రచురించిన పరిశోధన ఈ దిశలో మైలురాయి. తరువాత 500కు పైగా కుటుంబాలను పరిశీలించి ఊబకాయానికి జన్యువులతో ఉన్న సంబంధాన్ని కూడా ఆ బృందం అధ్యయనం చేసింది. ఈనాడు వైద్యుడు మీ నడుముకు టేపు చుట్టి కొలిస్తే, దాని వెనక ఇళ్లలో కూర్చుని తమ నడుము తామే కొలుచుకుని ఫారాలు నింపిన వేలాది మంది గృహిణులు ఉన్నారని గుర్తుంచుకోండి.

ఇది ఒక పార్శ్వం. రెండో పార్శ్వం కూడా చూడాలి. తొలి దశాబ్దాలలో కొన్ని టాప్స్ శాఖలలో ఆ వారం బరువు పెరిగిన సభ్యురాలిని అందరి ముందు నిలబెట్టేవారు. పంది బొమ్మ తగిలించేవారు. పందుల మీద కట్టిన పాట పాడించేవారు. నవ్వులాటగానే చేసినా అది అవమానమే. వీధిలో ఎదురైన ఎగతాళిని తప్పించుకుందామని వచ్చినవారికి లోపల కూడా అదే ఎదురైంది. అలా చేసినవారు బయటివారు కాదు, అదే బరువు మోస్తున్నవారు. స్వానుభవం ఉన్నంత మాత్రాన సమాజపు చిన్నచూపు మనసులోంచి పోదు. చాలాసార్లు బాధితులు ఆ చిన్నచూపును తమలోకి తీసుకుని, దానినే క్రమశిక్షణ అనుకుంటారు. ఈ పాఠంలో ఇది మీరు గుర్తుంచుకోవలసిన మొదటి అంశం.

మరి ఫలితాల మాటేమిటి? 1970లో మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ బృందం ఫిలడెల్ఫియాలోని 22 టాప్స్ శాఖలను అధ్యయనం చేసింది. సభ్యులు సగటున తగ్గించుకున్న బరువు అప్పటి వైద్య చికిత్సల ఫలితాలతో పోల్చదగినదిగానే ఉంది. అయితే శాఖకూ శాఖకూ మధ్య తేడా చాలా ఎక్కువ. 1974లో లెవిట్జ్, స్టంకార్డ్ 16 శాఖలలో మరో ప్రయోగం చేశారు. తినే అలవాట్లను క్రమంగా మార్చే పద్ధతిని నేర్పినప్పుడు సభ్యులు మధ్యలో మానివేయడం తగ్గింది. ఆ పద్ధతిని శాఖ నాయకురాళ్ల కంటే శిక్షణ పొందిన నిపుణులు నేర్పిన చోట ఫలితం మెరుగ్గా ఉంది. అంటే స్వానుభవం మనుషులను ఒకచోటికి చేర్చగలదు. పద్ధతి మాత్రం విడిగా నేర్చుకోవలసిందే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. 'ఆదర్శ బరువు' పట్టికలను ఎవరు, ఏ అవసరం కోసం తయారుచేశారు?
2. వైద్యపరిశోధనకు టాప్స్ సభ్యులు ఏ విధంగా తోడ్పడ్డారు?

9.4 రెండు పక్కదారులు

టాప్స్ తరువాత అదే నమూనా నుంచి రెండు భిన్నమైన దారులు వచ్చాయి. 1960లో లాస్ ఏంజలెస్‌లో ఓవర్ఈటర్స్ అనానిమస్ మొదలైంది. దాని వ్యవస్థాపకురాలు తనను 'రోజాన్ ఎస్.' అని మాత్రమే చెప్పుకుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ పన్నెండు మెట్ల పద్ధతిని ఇక్కడ తిండికి అన్వయించారు. పేరు చెప్పనక్కరలేదు, నిర్ణీత రుసుము లేదు, పెత్తనం చేసే యజమాని లేడు.

రెండోది న్యూయార్క్‌లో పుట్టింది. క్వీన్స్ ప్రాంతానికి చెందిన జీన్ నిడెచ్ నగర ఆరోగ్య శాఖ నడిపిన ఊబకాయ క్లినిక్‌కు వెళ్లేది. అక్కడ ఇచ్చిన ఆహార ప్రణాళిక బాగానే ఉంది కాని మనసు విప్పి మాట్లాడుకునే చోటు లేదు. 1961లో ఆమె ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచింది. 1963లో అది 'వెయిట్ వాచర్స్' అనే కంపెనీ అయింది. 1978లో ఆ కంపెనీని హైంజ్ అనే ఆహార పదార్థాల సంస్థ కొనుక్కుంది.

ఈ రెండింటినీ టాప్స్‌తో కలిపి చూడండి. మూడింటి మొదలూ ఒక్కటే: బరువుతో అవస్థపడిన ఒక స్త్రీ, ఆమె మాట వినే నలుగురు. మూడింటి గమ్యాలు వేరు. వెయిట్ వాచర్స్‌లో స్వానుభవం సరుకు అయింది. టాప్స్‌లో అది సభ్యుల ఉమ్మడి ఆస్తిగా మిగిలింది. కాబట్టి ఒక సంస్థను పరిశీలించేటప్పుడు దాన్ని ఎవరు ప్రారంభించారని మాత్రమే అడిగితే చాలదు. నిర్ణయాధికారం చివరికి ఎవరి చేతిలో ఉందో, వచ్చిన డబ్బు ఎటు పోతోందో కూడా అడగాలి.

9.5 ప్రశ్నే మారింది: నాఫా (1969)

ఇప్పటివరకు చూసిన సంస్థలన్నీ ఒకే ప్రశ్న అడిగాయి: 'బరువు ఎలా తగ్గాలి?' 1960ల చివర ఆ ప్రశ్ననే ప్రశ్నించినవారు వచ్చారు. 1967లో ల్యూవెలిన్ లౌడర్‌బ్యాక్ అనే రచయిత 'సాటర్డే ఈవినింగ్ పోస్ట్' పత్రికలో లావుగా ఉన్నవారిని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. అది చదివిన విలియం ఫాబ్రీ అనే ఇంజనీరు 1969లో న్యూయార్క్‌లో ఒక సంఘం పెట్టాడు. అదే నేటి నాఫా. లావుగా ఉన్నవారి అంగీకారం కోసం పనిచేసే జాతీయ సంఘం అది. ఫాబ్రీ స్వయంగా లావు మనిషి కాదు. లావుగా ఉన్న తన భార్య పట్ల లోకం ప్రవర్తించే తీరు చూసి కదిలినవాడు. స్వానుభవానికి, దగ్గరగా ఉండి చూసిన అనుభవానికి తేడా ఉందా అనే చర్చకు ఇది మంచి ఉదాహరణ.

ఆ తేడా త్వరలోనే బయటపడింది. లాస్ ఏంజలెస్‌లోని నాఫా శాఖలో చేరిన కొందరు యువతులు సంఘం మెతకగా ఉందని భావించి, విడిగా 'ఫ్యాట్ అండర్‌గ్రౌండ్' అనే బృందంగా ఏర్పడ్డారు. వీరంతా లావుగా ఉన్న స్త్రీలు. 1973 నవంబరులో జూడీ ఫ్రీస్పిరిట్, ఆల్డెబరాన్ అనే ఇద్దరు సభ్యులు ఒక విముక్తి ప్రకటన రాశారు. లావుగా ఉన్నవారికి మానవ గౌరవం దక్కాలని, బరువు తగ్గిస్తామని సొమ్ము చేసుకునే పరిశ్రమలు తమకు శత్రువులని అందులో చెప్పారు.

ఈ బృందం చేసిన ముఖ్యమైన పని వైద్య పత్రికలను తామే చదవడం. అలాంటి సాక్ష్యాలు వైద్యరంగంలో అప్పటికే ఉన్నాయి. 1959లో స్టంకార్డ్, మెక్‌లారెన్-హ్యూమ్ న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రి పోషకాహార క్లినిక్‌కు వచ్చిన 100 మంది గురించి రాశారు. వారిలో 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోలు తగ్గినవారు 12 మందే. రెండేళ్ల తరువాత ఆ తగ్గుదలను నిలుపుకున్నవారు ఇద్దరే. వైద్యులు దీన్ని రోగుల వైఫల్యంగా చూశారు. ఫ్యాట్ అండర్‌గ్రౌండ్ స్త్రీలు చికిత్స వైఫల్యంగా చదివారు. నూటికి 98 మందికి పనిచేయని మందు దోషం మందుదా, మనుషులదా అన్నది వారి వాదన. అంకెలు అవే. చదివినవారు మారారు, అర్థం మారింది.

వీరు 'ఊబకాయం' అనే వైద్యపదాన్ని వద్దన్నారు. ఎగతాళి పదమైన 'లావు'నే ఎత్తు, పొట్టి, తెలుపు, నలుపు లాంటి మామూలు వర్ణనగా వాడారు. తిట్టుగా విసిరిన మాటను తామే చేతిలోకి తీసుకుంటే ఇక అది తగలదని వారి నమ్మకం.

చట్టం మారడానికి చాలా కాలం పట్టింది. 1976లో మిషిగన్ రాష్ట్రం తన పౌరహక్కుల చట్టంలో ఎత్తు, బరువు ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. 2023లో న్యూయార్క్ నగరం అలాంటి నిషేధాన్నే చట్టంగా చేసింది. దాని కోసం పనిచేసినవారిలో నాఫా ఒకటి. నాఫా పుట్టిన 54 ఏళ్లకు ఆ నగరంలో ఆ హక్కు వచ్చింది.

9.6 చికిత్స కూడా హక్కే: ఒబేసిటీ యాక్షన్ కొయలిషన్ (2005)

నాఫా వాదం అందరికీ సరిపోలేదు. కీళ్ల నొప్పులతో మెట్లెక్కలేనివారు, మధుమేహంతో చూపు మసకబారుతున్నవారు, నిద్రలో ఊపిరాడనివారు 'మమ్మల్ని గౌరవించండి, అలాగే మాకు వైద్యం కూడా చేయండి' అన్నారు. ఇంతలో విజ్ఞానశాస్త్రం కూడా మారింది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుగొన్నది. ఆకలి, కొవ్వు నిల్వ మనిషి ఇష్టాన్ని బట్టి మాత్రమే నడవవని, శరీరం వాటిని లోపలి నుంచి నియంత్రిస్తుందని తెలిసింది.

శస్త్రచికిత్సలు కూడా అప్పటికి వ్యాప్తిలోకి వచ్చాయి. కాని బీమా కంపెనీలు ఖర్చు భరించడానికి తరచుగా నిరాకరించేవి. అమెరికా ప్రభుత్వ వైద్యబీమా పథకమైన మెడికేర్ నిబంధనలలో 'ఊబకాయం జబ్బు కాదు' అనే మాట 2004 వరకు ఉండేది. ఈ పరిస్థితిలో 2005లో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా కేంద్రంగా ఒబేసిటీ యాక్షన్ కొయలిషన్ ఏర్పడింది. ఊబకాయంతో జీవిస్తున్నవారు, వారి కుటుంబాలు సభ్యులుగా ఉన్న లాభాపేక్షలేని సంస్థ ఇది. 2006లో మెడికేర్ కొన్ని ఊబకాయ శస్త్రచికిత్సలకు దేశవ్యాప్తంగా చెల్లించడానికి అంగీకరించింది. 2012 నుంచి ఈ సంస్థ సభ్యుల కోసం జాతీయ సదస్సులు జరుపుతోంది.

ఈ సంస్థ రెండు చిన్న విషయాల మీద పట్టుబట్టింది. మొదటిది మాట. మధుమేహం ఉన్న మనిషిని మధుమేహం ఉన్న మనిషి అంటాం. క్యాన్సర్ ఉన్నవారిని క్యాన్సర్‌తో బాధపడుతున్నవారు అంటాం. ఊబకాయం ఉన్నవారిని మాత్రం మనిషిని తీసేసి 'ఊబకాయులు' అనడం ఎందుకు? ముందు మనిషిని, తరువాత జబ్బును చెప్పాలన్నది వారి కోరిక. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2013లో ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించింది. 2017లో ఈ పదప్రయోగాన్ని కూడా సమర్థించింది. రెండోది బొమ్మ. ఊబకాయం మీద వార్త వస్తే తల కత్తిరించి పొట్ట మాత్రమే చూపే ఫోటో వేయడం పత్రికలకు, టీవీలకు అలవాటైంది. ముఖం లేని శరీరం మీద జాలి కలగదు. అందుకే ముఖాలతో, పనిపాటలతో, కుటుంబంతో ఉన్న మనుషుల ఫోటోలను సిద్ధం చేసి, పత్రికలు వాడుకోవడానికి ఇవ్వడం మొదలైంది.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించండి. నాఫావారు 'లావు' అనే మాటను కోరుకున్నారు. కొయలిషన్‌వారు 'ఊబకాయంతో జీవిస్తున్నవారు' అనమన్నారు. నాఫా ఇది జబ్బే కాదంది. కొయలిషన్ జబ్బుగా గుర్తిస్తేనే చికిత్స దొరుకుతుందంది. రెండు వైపులా ఉన్నది స్వానుభవమే. కాబట్టి 'అనుభవం గలవారు ఏమంటారు?' అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఈ పాఠంలో ఇది రెండో ముఖ్యాంశం.

9.7 'మీ బరువు గురించి మాట్లాడవచ్చా?': కెనడా (2020)

కెనడాలో 2006లో వైద్యుడు ఆర్య శర్మ ప్రారంభించిన జాలకం తరువాత 'ఒబేసిటీ కెనడా' అనే సేవాసంస్థగా మారింది. మొదట అది పరిశోధకుల, వైద్యుల వేదిక. క్రమంగా ఊబకాయంతో జీవిస్తున్నవారు దాని కమిటీలలోకి, తరువాత నాయకత్వంలోకి వచ్చారు. 2020 ఆగస్టులో ఆ దేశపు కొత్త చికిత్స మార్గదర్శకాలు వెలువడ్డాయి. వాటి తయారీలో నిపుణులతో పాటు ఊబకాయంతో జీవిస్తున్నవారు కూడా పాల్గొన్నారు.

ఫలితం ఏమిటి? ఊబకాయాన్ని తూకం మీది అంకెతో కాక ఆరోగ్యానికి జరుగుతున్న హానితో గుర్తించాలని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. చికిత్సలో మొదటి మెట్టుగా ఆహారాన్ని కాని, వ్యాయామాన్ని కాని పెట్టలేదు. వైద్యుడు ముందుగా రోగి అనుమతి అడగాలన్నారు. బరువు గురించి మాట్లాడడానికి మీకు అభ్యంతరం లేదు కదా అని అడిగి, ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లాలి.

ఇది చూడడానికి చాలా చిన్న మార్పు. కాని చెవినొప్పితో ఆసుపత్రికి వెళ్లినా 'ముందు బరువు తగ్గు' అనే మాట విని తిరిగి వచ్చినవారికి దాని విలువ తెలుస్తుంది. అలా వినీ వినీ ఆసుపత్రికి వెళ్లడమే మానేసినవారు, దానివల్ల వేరే జబ్బులు ముదిరేదాకా బయటపడనివారు ఉన్నారు. ప్రయోగశాలలో ఈ సంగతి కనిపించదు. కావడి మోసినవారికి తెలుసు కాబట్టే అది మార్గదర్శకాలలోకి వచ్చింది. 1948లో టాప్స్ సభ్యురాలు తన లక్ష్యాన్ని వైద్యుడి చేత నిర్ణయింపజేసుకునేది. 2020లో వైద్యుడు మాట మొదలుపెట్టడానికి ఆమె అనుమతి అడగాలి. ఈ 72 ఏళ్లలో అధికారం ఎటు నుంచి ఎటు జరిగిందో ఈ రెండు దృశ్యాలు చెబుతాయి.

ఐరోపాలో కూడా ఊబకాయంతో జీవిస్తున్నవారి సంఘాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. 2015లో మొదలైన ప్రపంచ ఊబకాయ దినాన్ని 2020 నుంచి మార్చి 4న జరుపుతున్నారు. ఆ సంవత్సరం అదే రోజున ఊబకాయం పట్ల చిన్నచూపును అంతం చేయాలని కోరుతూ అంతర్జాతీయ నిపుణుల ఉమ్మడి ప్రకటన వెలువడింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. పదప్రయోగం విషయంలో నాఫాకు, ఒబేసిటీ యాక్షన్ కొయలిషన్‌కు ఉన్న భేదం ఏమిటి?
2. 2020 కెనడా మార్గదర్శకాలలో 'అనుమతి' ఎందుకు ముఖ్యమైంది?

9.8 స్వానుభవ నాయకత్వం ఎదుర్కొనే చిక్కులు

మొదటి చిక్కు డబ్బు. 1997లో 'ఫెన్-ఫెన్' అనే బరువు తగ్గించే మందుల జోడీలోని ముఖ్యభాగాన్ని గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని మార్కెట్ నుంచి తొలగించారు. 2021లో సెమాగ్లుటైడ్ అనే కొత్త మందును అమెరికాలో బరువు తగ్గించడానికి అనుమతించారు. కొత్త మందులకు ఉన్న మార్కెట్ చాలా పెద్దది. మందుల కంపెనీలు రోగుల సంస్థలకు విరాళాలు ఇస్తాయి. మందు అందరికీ అందాలని రోగి కోరడం న్యాయమే. అదే మందు అమ్మేవారి విరాళంతో ఆ కోరిక వినిపించినప్పుడు, అది ఎవరి గొంతు అని అడగడం కూడా న్యాయమే.

రెండో చిక్కు ప్రాతినిధ్యం. బరువు తగ్గి కథ చెప్పగలిగినవారే వేదిక ఎక్కుతారు. చికిత్స ఫలించనివారు, చికిత్స వద్దనుకున్నవారు, ఖర్చు భరించలేనివారు వెనుక వరుసలోనే ఉంటారు. ఒక్కరిని కమిటీలో కూర్చోబెట్టి అందరి అనుభవమూ విన్నామనడం సరికాదు.

మూడో చిక్కు అనుభవానికి, శాస్త్రానికి మధ్య సంబంధం. 1974 ప్రయోగం చూపినట్టు అనుభవం శిక్షణకు ప్రత్యామ్నాయం కాదు. 1959 అధ్యయనం చూపినట్టు శిక్షణ ఉన్నవారు తమ వైఫల్యాన్ని తాము చూడలేకపోవచ్చు. ఒకరి లోపం ఇంకొకరికి కనిపిస్తుంది. అందుకే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

9.9 మన సందర్భం

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది అధిక బరువుతో లేదా ఊబకాయంతో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. ఈ లెక్కకు వాడిన కొలబద్ద బాడీ మాస్ ఇండెక్స్ 25. దక్షిణాసియావారిలో తక్కువ బరువుకే మధుమేహం వంటి జబ్బులు వస్తున్నందున భారతీయ వైద్య నిపుణులు 23 నుంచే జాగ్రత్త పడాలంటున్నారు.

అంకెలు ఇలా ఉంటే మన మాటలు ఎలా ఉన్నాయి? సినిమాలలో లావుగా ఉన్న పాత్ర కనబడగానే నవ్వు రావాలన్నట్టు నేపథ్య సంగీతం మారుతుంది. పెళ్లిచూపులలో, బడి వరండాలో, బస్సు సీటు దగ్గర వినిపించే మాటలు మీకు తెలియనివి కావు. 'నీ మంచికే చెబుతున్నా' అంటూ బంధువులు చెప్పే మాటలు కూడా ఆ కోవలోవే. పొదుపు సంఘాలలో స్త్రీలు వారం వారం కలిసి కూర్చుని లెక్కలు చూసుకునే అలవాటు ఉన్న నేల ఇది. అలాంటి కూటమి ఆరోగ్యం గురించి కూర్చుంటే ఎలా ఉండాలి? తూకం చుట్టూ కూర్చున్న టాప్స్‌లాగా ఉండాలా, హక్కులు అడిగిన నాఫాలాగా ఉండాలా, వైద్యుడితో సమానంగా కూర్చున్న ఒబేసిటీ కెనడాలాగా ఉండాలా? ఆలోచించండి.

9.10 సారాంశం

ఊబకాయంతో జీవిస్తున్నవారు నడిపిన సంస్థలు 75 ఏళ్లలో మూడు వేర్వేరు ప్రశ్నలు అడిగాయి. టాప్స్ 'ఎలా తగ్గాలి?' అని అడిగింది. నాఫా 'ఎందుకు నిందిస్తున్నారు?' అని అడిగింది. కొయలిషన్, ఒబేసిటీ కెనడా 'చికిత్స ఎవరికి, ఎలా, ఎవరి అనుమతితో?' అని అడిగాయి. ఒక్కో ప్రశ్న ముందుదాని లోటును పూరించింది. బాధితులు నాయకులైనంత మాత్రాన అవమానం ఆగలేదని టాప్స్ తొలినాళ్లు చూపాయి. ప్రశ్నను నిర్ణయించే అధికారం వారి చేతికి వచ్చినప్పుడే మార్పు మొదలైంది. ఇప్పుడు 9.1లోని ప్రశ్నకు తిరిగి వెళ్లండి. మోసేవాడికి కావడి బరువు తెలుసు. దారి అతనొక్కడికే తెలియకపోవచ్చు. కాని ఎక్కడ ఆగాలో, ఎక్కడ భుజం మార్చుకోవాలో అతన్ని అడగకుండా నిర్ణయించిన దారి మాత్రం సరైన దారి కాదు.

9.11 ముఖ్యపదాలు

స్వానుభవ నాయకత్వం: ఒక సమస్యతో స్వయంగా జీవిస్తున్నవారు ఆ సమస్యపై పనిచేసే సంస్థలో నిర్ణయాధికారం కలిగి ఉండడం.
చిన్నచూపు: ఒక లక్షణాన్ని బట్టి మనిషిని తక్కువగా చూడడం, వైద్యం, ఉద్యోగం, చదువులలో అది వివక్షగా మారుతుంది.
బాడీ మాస్ ఇండెక్స్: కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. టాప్స్ సంస్థ ఆవిర్భావాన్ని, దాని సాధనలను, పరిమితులను చర్చించండి.
2. ఊబకాయాన్ని జబ్బుగా గుర్తించడంపై ఉన్న భిన్నాభిప్రాయాలను సంస్థల చరిత్ర ఆధారంగా వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1959 అధ్యయనాన్ని వైద్యులు, ఫ్యాట్ అండర్‌గ్రౌండ్ సభ్యులు ఎలా వేర్వేరుగా అర్థం చేసుకున్నారు?
2. రోగుల సంస్థలు కంపెనీల విరాళాలు తీసుకోవడం వల్ల కలిగే ప్రశ్నలు ఏమిటి?

III. అభ్యాసం
ఒక వారం పాటు మీరు చదివే దినపత్రికలో ఊబకాయంపై వచ్చిన వార్తలను, ఫోటోలను సేకరించండి. వాటిలో మనిషి ముఖం ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని? ఊబకాయంతో జీవిస్తున్నవారి మాట ఎన్నింటిలో ఉంది? మీ పరిశీలనను ఒక పేజీలో రాసి అధ్యయన కేంద్రంలోని తరగతిలో చర్చించండి.